అరచేతిలో రేడియో: ఎస్‌డీఆర్ బోర్డు మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చిన్న ఎస్‌డీఆర్ బోర్డుల మీదే. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి వాయిదా వేశాం. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక్క మాట. ఎస్‌డీఆర్ అంటే సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో. గాలిలోని సిగ్నల్‌ని అంకెలుగా మార్చి యూఎస్‌బీ మీదుగా కంప్యూటర్‌కి అందించడం వరకే బోర్డు పని. స్టేషన్ విడదీయడం, మాట వినిపించడం, డేటా చదవడం ప్రోగ్రాం చూసుకుంటుంది.

ప్రశ్న: సార్, మేం నలుగురం ఈసీఈ ఆఖరి ఏడాది. ప్రాజెక్టు కోసం చందా వేసుకుని ఒక బోర్డు కొందామనుకుంటున్నాం. ఒకరు ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ చాలంటున్నారు, ఇంకొకరు హ్యాక్ఆర్ఎఫ్ అంటున్నారు, మా గైడ్ ప్లూటో కొనమంటున్నారు. క్యూపీఎస్‌కే (సిగ్నల్ దశ మార్చి ఒక్కోసారి రెండు బిట్లు పంపే పద్ధతి) లింకు ఒకటి మేమే తయారుచేసి చూపించాలి. ఏది కొనమంటారు?
— విద్యార్థినులు, గుంటూరు

జవాబు: మీ గైడ్ చెప్పిందే సరి. ఎందుకో చూడండి.

ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ వినడానికే. సుమారు 24 మెగాహెర్ట్జ్ నుంచి 1,766 మెగాహెర్ట్జ్ దాకా పడుతుంది. సెకనుకు 24 లక్షల శాంపిల్స్ (సిగ్నల్ కొలతలు) వరకు నిలకడగా ఇస్తుంది. మెనూలో 32 లక్షలు కనిపిస్తాయి గానీ, అక్కడికి పోతే శాంపిల్స్ జారిపోతుంటాయి. మీ లింకులో పంపే సగం దీనితో కాదు.

హ్యాక్ఆర్ఎఫ్ వన్ 1 మెగాహెర్ట్జ్ నుంచి 6 గిగాహెర్ట్జ్ దాకా వింటుంది, పంపుతుంది. కానీ రెండూ ఒకేసారి చేయదు, హాఫ్ డూప్లెక్స్. మీరు పంపుతూ అదే బోర్డుతో విని ఎర్రర్ రేటు లెక్కగట్టాలంటే రెండో బోర్డు కొనాలి. పైగా అది 8 బిట్ల బోర్డు. ఒకేసారి పట్టగల బలమైన, బలహీనమైన సిగ్నల్స్ మధ్య తేడాని డీబీల్లో కొలుస్తారు; ఒక్కో బిట్‌కు దాదాపు 6 డీబీ చొప్పున, 8 బిట్లకు సుమారు 50 డీబీ, 12 బిట్లకు 74 డీబీ వస్తుంది. పక్కనే బలమైన స్టేషన్ ఉన్నప్పుడు బలహీనమైన సిగ్నల్ కనపడుతుందా లేదా అన్నది ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది. 20 మెగాహెర్ట్జ్ వెడల్పు ఒక్కసారి చూడాలి, ఎక్కడ ఏముందో వెతకాలి అనుకునేవాళ్లకి హ్యాక్ఆర్ఎఫ్ మంచిదే. మీ పని అది కాదు.

ప్లూటో 12 బిట్లది, పంపుతూనే వింటుంది. 325 మెగాహెర్ట్జ్ నుంచి 3.8 గిగాహెర్ట్జ్ దాకా. లోపం దాని యూఎస్‌బీ 2.0. చిప్‌కి 20 మెగాహెర్ట్జ్ సత్తా ఉన్నా కంప్యూటర్‌కి ఆగకుండా చేరేది సెకనుకు 40, 50 లక్షల శాంపిల్స్ మాత్రమే. మీ క్యూపీఎస్‌కే లింకుకి 10 లక్షలు చాలు, కాబట్టి ఆ లోపం మీకు తగలదు. ఎఫ్ఎం బ్యాండులోనో 144 మెగాహెర్ట్జ్‌లోనో పని ఉండి ఉంటే లైమ్‌ఎస్‌డీఆర్ మినీ పేరు చెప్పేవాళ్లం: 10 మెగాహెర్ట్జ్ నుంచి 3.5 గిగాహెర్ట్జ్, 12 బిట్లు, సెకనుకు 3.07 కోట్ల శాంపిల్స్, యూఎస్‌బీ 3.0, కొలత చూస్తే 69 మిల్లీమీటర్ల పొడవు, 31.4 వెడల్పు.

ప్లూటోతో పాటు ఒక ఆర్‌టీఎల్ డాంగిల్ (యూఎస్‌బీలో గుచ్చే చిన్న ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్) కూడా కొనండి, ఖర్చు పెద్దగా పెరగదు. మీ బోర్డు పంపినదాన్ని మీ బోర్డే విని బాగుందంటే అది సాక్ష్యం కాదు. ఒకే క్లాకు మీద రెండు వైపులూ నడుస్తాయి కనుక ఫ్రీక్వెన్సీ తేడా అసలు కనపడదు. వేరే క్లాకు ఉన్న రిసీవర్‌తో విన్నప్పుడే మీ సింక్రనైజేషన్ (రెండు క్లాకుల తేడాని సర్దుకోవడం) పనిచేస్తోందో లేదో తేలుతుంది. వైవాలో అడిగే మొదటి ప్రశ్న కూడా అదే కావచ్చు.

ప్రశ్న: గ్నూ రేడియోలో (బ్లాకులు కలిపి రేడియో కట్టే ఉచిత ప్రోగ్రాం) ఎఫ్ఎం రిసీవర్ కట్టాను. పాట వస్తోంది కానీ ముక్కలు ముక్కలుగా. కింద నల్ల కిటికీలో ఇంగ్లీషు ‘ఏ’, ‘యూ’ అక్షరాలు వరసగా పడిపోతున్నాయి. ర్యామ్ పెంచితే తగ్గుతుందా?
— పటమట, విజయవాడ

జవాబు: ర్యామ్ జోలికి పోకండి. ఆ రెండక్షరాలు ‘ఆడియో కార్డుకి అందాల్సినన్ని శాంపిల్స్ అందలేదు’ అని చెప్పే గుర్తు. ‘ఓ’ పడితే దానికి వ్యతిరేకం: బోర్డు పోస్తోంది, కంప్యూటర్ తాగలేకపోతోంది.

మీరు పంపిన బొమ్మలో బోర్డు నుంచి శాంపిల్స్ తెచ్చే మూల (సోర్స్) బ్లాకు తరవాత ‘థ్రాటిల్’ అనే బ్లాకు ఉంది. దాన్ని తీసేయండి. బోర్డు లేకుండా ఉత్త సిమ్యులేషన్ నడిపేటప్పుడు కంప్యూటర్ పరుగుకి పగ్గం వేయడానికి అది. బోర్డు ఉన్నప్పుడు వేగం నిర్ణయించేది బోర్డులోని క్రిస్టల్. రెండు గడియారాలు పెడితే ఒకదానికొకటి పొంతన కుదరదు.

రెండోది లెక్క. మీరు బోర్డుని సెకనుకు 20 లక్షల శాంపిల్స్ మీద పెట్టి, 41తో భాగించి, ఆడియోని 48,000 అన్నారు. వచ్చేది 48,780. 24 లక్షల మీద పెట్టండి. మొదట 10తో తగ్గిస్తే 2,40,000, డీమాడ్యులేటర్ (సిగ్నల్‌లోంచి పాట తీసే బ్లాకు) తరవాత 5తో తగ్గిస్తే సరిగ్గా 48,000. 20 లక్షలే కావాలంటే రీశాంప్లర్‌లో (శాంపిల్స్ వేగం మార్చే బ్లాకు) పైన 3, కింద 125 పెట్టండి, అదే 48,000 వస్తుంది. స్టేషన్ దాదాపు 200 కిలోహెర్ట్జ్ వెడల్పు ఉంటుంది కాబట్టి ముందున్న ఫిల్టర్ కటాఫ్ 100 కిలోహెర్ట్జ్ పెట్టండి. డీఎంఫసిస్ బ్లాకు (స్టేషన్ పెంచి పంపిన సన్న స్వరాలని తిరిగి తగ్గించేది) మొదట్లో 75 మైక్రోసెకన్లు చూపిస్తుంది, అది అమెరికా లెక్క. మనకి 50. మార్చకపోతే పాట దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉంటుంది, చాలామంది స్పీకర్‌ని తిట్టుకుంటారు.

ఇంత చేశాక కూడా ‘ఓ’లు పడితే అప్పుడు యూఎస్‌బీని అనుమానించండి. బ్యారేజీ దగ్గర ఎన్ని నీళ్లున్నా బందరు కాలువ పట్టినంతే బందరుకి పోతాయి. హ్యాక్ఆర్ఎఫ్‌ని 2 కోట్ల శాంపిల్స్ మీద నడిపితే ఒక్కోదానికి 2 బైట్లు, సెకనుకు 40 ఎంబీ. యూఎస్‌బీ 2.0 కాగితం మీద 60 ఎంబీ, చేతికొచ్చేది అంతకంటే బాగా తక్కువ. అదే హబ్‌లో పెన్‌డ్రైవ్, మౌస్ పెడితే ఇక అంతే. బోర్డుకి లాప్‌టాప్‌లో సొంత పోర్టు ఇవ్వండి.

రికార్డు చేసేవాళ్లకి ఇంకో గుంట ఉంది. గ్నూ రేడియో మామూలుగా ఫైలుని ఫ్లోట్ అంకెల్లో రాస్తుంది, శాంపిల్‌కి 8 బైట్లు. అదే 2 కోట్ల వేగానికి సెకనుకు 160 ఎంబీ, నిమిషానికి 9.6 జీబీ. తిరిగే పళ్లెం హార్డ్‌డిస్కు ఎక్కడ ఆగుతుందో చెప్పనక్కర్లేదు. 8 బిట్ల అంకెలుగానే రాస్తే నిమిషానికి 2.4 జీబీతో పోతుంది. బోర్డు 8 బిట్లదైనప్పుడు మీరు పోగొట్టుకునేదీ లేదు.

ప్రశ్న: మా ఇంట్లో 94.4 మీద, 106.1 మీద రెండు స్టేషన్లు కలిసిపోయి వినిపిస్తున్నాయి. మామూలు రేడియోలో అక్కడ ఏమీ లేవు. ఎవరైనా దొంగ ట్రాన్స్‌మిటర్ పెట్టారా?
— గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: దొంగ మీ బోర్డులోనే ఉన్నాడు. విజయవాడలో 102.2 మీద ఆకాశవాణి రెయిన్‌బో, 98.3 మీద మిర్చి ఉన్నాయి. 98.3ని రెట్టింపు చేసి 102.2 తీసేయండి: 94.4. 102.2ని రెట్టింపు చేసి 98.3 తీసేయండి: 106.1. రెండు బలమైన సిగ్నల్స్ ఆంప్లిఫయర్‌ని దాని హద్దు దాటించినప్పుడు అది ఇలా కూడికలూ తీసివేతలూ చేసి లేని స్టేషన్లు పుట్టిస్తుంది. దీన్నే ఇంటర్‌మాడ్యులేషన్ అంటారు. చెవి పక్కన డప్పు కొడుతుంటే అవతలి గదిలో గుసగుస వినపడదు కదా, బోర్డుకీ అంతే.

నిజమైన స్టేషనో దయ్యమో తేల్చుకోవడానికి యాంటెన్నాకీ బోర్డుకీ మధ్య 10 డీబీ ఎటెన్యుయేటర్ (సిగ్నల్ బలం తగ్గించే చిన్న ముక్క) పెట్టండి. నిజమైనది 10 డీబీ తగ్గుతుంది. దయ్యం 30 డీబీ పడిపోతుంది, అంటే దాదాపు మాయమే.

మందు: గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) తగ్గించండి. ఆర్‌టీఎల్‌లో గెయిన్ 49.6 వరకు ఉందని అక్కడికి లాగి వదిలేయడం అందరూ చేసే పొరపాటే. సున్నా నుంచి మొదలుపెట్టి, నాయిస్ అంచు (తెర అడుగున కనిపించే రొద గీత) కాస్త పైకి లేవడం మొదలయ్యేవరకు పెంచి అక్కడ ఆపండి. హ్యాక్ఆర్ఎఫ్‌లో గెయిన్ మూడు చోట్ల ఉంటుంది. ముందున్న ఆంప్‌ని ఆపేసి, మిగతా రెండు ఆంప్లిఫయర్లని, ఎల్ఎన్ఏని 16, వీజీఏని 16 దగ్గర మొదలుపెట్టండి. ఊరి నడిబొడ్డున ఉన్నవాళ్లకి ఆ ముందు ఆంప్ అవసరం దాదాపు ఎప్పుడూ రాదు. ఎఫ్ఎం కాకుండా వేరే బ్యాండు వినేవాళ్లు 88–108ని అడ్డుకునే బ్యాండ్‌స్టాప్ ఫిల్టర్ ఒకటి కొని యాంటెన్నా దగ్గర పెట్టుకుంటే సగం జబ్బులు పోతాయి. విమానాల కబుర్లు వచ్చే 118–137 మెగాహెర్ట్జ్ వినేవాళ్లకి ఇది ఇంకా అవసరం.

తెర మధ్యలో ఎప్పుడూ కదలకుండా నిలబడే గీత గురించి కూడా అడిగారు. అది స్టేషన్ కాదు, బోర్డు తన సొంత ఆసిలేటర్‌ని తానే వినడం. కావలసిన ఫ్రీక్వెన్సీకి 250 కిలోహెర్ట్జ్ పక్కకి ట్యూన్ చేసి, ప్రోగ్రాంలో వెనక్కి జరుపుకోండి.

ప్రశ్న: మా తాతయ్య గారికి విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్ వినిపించాలని బోర్డులో 0.837 కొట్టాను. ఏమీ రాలేదు.
— తెనాలి

జవాబు: 837 కిలోహెర్ట్జ్ ఈ బోర్డుల్లో వేటికీ నేరుగా అందదు. హ్యాక్ఆర్ఎఫ్ కూడా 1 మెగాహెర్ట్జ్ దగ్గరే మొదలవుతుంది. ఆర్‌టీఎల్ బ్లాగ్ వీ3 డాంగిల్ ఉంటే ప్రోగ్రాంలో ‘డైరెక్ట్ శాంప్లింగ్, క్యూ బ్రాంచ్’ ఎంచుకోండి. వీ4లో అయితే లోపలే అప్‌కన్వర్టర్ (తక్కువ ఫ్రీక్వెన్సీని పైకి జరిపేది) ఉంది, కానీ దానికి తగిన కొత్త డ్రైవర్ వేయాలి. యాంటెన్నాగా మేడ మీద 10 మీటర్ల తీగ లాగితే తెనాలికి సరిపోతుంది. తాతగారికి వెంటనే వినిపించాలంటే మాత్రం చిన్న ట్రాన్సిస్టరే హాయి. అందులో యాంటెన్నాగా ఉండే ఫెర్రైట్ కడ్డీ చేసే పనిని డాంగిల్‌కి నేర్పించడం అంత తేలిక కాదు.

ప్రశ్న: స్నేహితుడి బోర్డుతో పంపుతూ నా బోర్డుతో విందామని రెంటినీ ఒక చిన్న కేబుల్‌తో కలిపాను. ఒకసారి పనిచేసింది. ఆ తరవాత నుంచి నాది ఆంప్ ఆన్ చేస్తే మూగబోతోంది, ఆఫ్ చేస్తే కొంచెం వింటోంది. గాల్లోకి పంపడం తప్పని విని కేబుల్ వాడాం. మా తప్పేంటి?
— మంగళగిరి

జవాబు: గాల్లోకి పంపకపోవడం మంచి ఆలోచనే. కేబుల్ మధ్యలో ఎటెన్యుయేటర్ లేకపోవడమే తప్పు.

మీది హ్యాక్ఆర్ఎఫ్ తరహా బోర్డని తెలుస్తోంది. దాని వినే వైపు తట్టుకునేది మైనస్ 5 డీబీఎం, అంటే ఒక మిల్లీవాట్‌లో మూడో వంతు. అదే రకం బోర్డు 2,150 మెగాహెర్ట్జ్ లోపు 5 నుంచి 15 డీబీఎం దాకా పంపగలదు. 15 డీబీఎం అంటే 32 మిల్లీవాట్లు. హద్దుకి 100 రెట్లు నేరుగా లోపలికి పోసేశారు. ఆంప్ ఆన్ చేసినప్పుడు నాయిస్ అంచు 10 డీబీ దాకా లేవాలి. మీకు పడిపోతోంది కాబట్టి ముందున్న ఆంప్లిఫయర్ చిప్ పోయింది. ఆఫ్ చేస్తే సిగ్నల్ దాన్ని తప్పించుకుని పక్కదారిన వెళుతుంది కనుక వినపడుతోంది. బోర్డు మొత్తం పోలేదు. ఆ చిప్ బియ్యపుగింజ కన్నా చిన్నది. ఫోన్ బోర్డులకి హాట్ ఎయిర్‌తో పని చేసేవాళ్లు మార్చగలరు, మామూలు సోల్డరింగ్ కడ్డీతో మీరు ప్రయత్నించకండి.

ఇకపై పంపే బోర్డు పోర్టు దగ్గర 30 డీబీ ఎటెన్యుయేటర్ బిగించి, ఆ తరవాతే కేబుల్. 15లోంచి 30 తీస్తే మైనస్ 15, హద్దు కింద నిశ్చింతగా ఉంటారు. ప్లూటో సొంత పోర్టుల మధ్య కూడా ఇదే పద్ధతి, దాని హద్దు 2.5 డీబీఎం. అవతల వినేది ఆర్‌టీఎల్ డాంగిల్ అయితే 30వి రెండు పెట్టండి. కాలిపోతుందని మాత్రమే కాదు, అంత బలంగా వస్తే మీరు చూసే స్పెక్ట్రమ్ అంతా అబద్ధం చెబుతుంది. ఏమీ తగిలించని ట్రాన్స్‌మిట్ పోర్టుకి 50 ఓంల డమ్మీ లోడ్ (పవర్‌ని మింగే రెసిస్టర్) బిగించి ఉంచండి.

గాల్లోకి పంపే విషయానికొస్తే, 865–868 మెగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్ లాంటివి లైసెన్సు అక్కర్లేని బ్యాండులని చాలామంది రాశారు. నిజమే, కానీ అక్కడ వాడే పరికరానికి డబ్ల్యూపీసీ (కేంద్రం వైర్‌లెస్ లైసెన్సుల విభాగం) ఆమోదం ఉండాలి, పవర్‌కీ బ్యాండ్‌విడ్త్‌కీ హద్దులున్నాయి. 865–868లో ట్రాన్స్‌మిటర్ 1 వాట్, క్యారియర్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్ దాటకూడదు. మీ బోర్డుతో మీరే రాసిన సిగ్నల్ దీనికిందికి వస్తుందని అనుకోకండి. సక్రమమైన దారి హ్యామ్ (అభిరుచి కోసం రేడియో నడిపేవాళ్ల) లైసెన్సు. ఆ పరీక్షకి 12 ఏళ్లు నిండితే కూర్చోవచ్చు. రెస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడులు. 144–146, 434–438 మెగాహెర్ట్జ్‌లలో ప్రయోగాలకి చోటు దొరుకుతుంది.

ప్రశ్న: గన్నవరం విమానాలు చూద్దామని 1090 మెగాహెర్ట్జ్ (విమానాలు తమ స్థానం చెప్పే సిగ్నల్) మీద పెట్టాను. వైఫై రూటర్ యాంటెన్నా తగిలిస్తే చక్కగా బిగుసుకుంది. ఒక్క విమానం రాలేదు.
— భవానీపురం, విజయవాడ

జవాబు: బిగుసుకుంది కానీ తగల్లేదు. రూటర్ యాంటెన్నాలకి వచ్చేది రివర్స్ ఎస్ఎంఏ అనే కనెక్టర్. మర బోర్డుకి సరిపోతుంది, కానీ నడుమ సూది ఉండాల్సిన చోట గుంట ఉంటుంది. బోర్డులోనూ గుంటే. రెండు గుంటలు ఎదురెదురుగా కూర్చున్నాయి. కొనేటప్పుడు యాంటెన్నా నడుమ సూది కనిపిస్తేనే తీసుకోండి.

1090కి యాంటెన్నా ఇంట్లోనే చేసుకోవచ్చు. తరంగం పొడవు 27.5 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు 6.9. ఎస్ఓ-239 సాకెట్ ఒకటి తీసుకుని నడుమ గొట్టంలో 2 మిల్లీమీటర్ల రాగి తీగ 6.5 సెంటీమీటర్లు నిలువుగా సోల్డర్ చేయండి. నాలుగు మూలల రంధ్రాలకి 7 సెంటీమీటర్ల తీగలు నాలుగు బిగించి, కిందికి 45 డిగ్రీలు వంచండి. మేడ మీద నుంచి గదిలోకి కేబుల్ 15 మీటర్లు కావాలంటే సన్నటి ఆర్‌జీ-58 వద్దు, ఈ ఫ్రీక్వెన్సీలో 8 డీబీకి పైగా తినేస్తుంది. డిష్ టీవీకి వాడే ఆర్‌జీ-6 అయితే 3 డీబీతో పోతుంది. అది 75 ఓంలది కదా అని సందేహించకండి, ఆ తేడాతో పోయేది 0.2 డీబీ కూడా కాదు. ఎల్ఎన్ఏ (బలహీన సిగ్నల్‌ని పెంచే ఆంప్లిఫయర్) కొంటే యాంటెన్నా మొదట్లో పెట్టండి. లాప్‌టాప్ దగ్గర పెడితే కేబుల్ అప్పటికే పోగొట్టినదాన్ని అది తిరిగి తేలేదు.

పైన 35,000 అడుగుల్లో పోయే విమానాలు 400 కిలోమీటర్ల దూరం నుంచి కూడా రావాలి. గన్నవరం రన్‌వే మీద ఉన్నవి మాత్రం మీకు రావు. నేల వంపు ఒకటి, మీకు తూర్పున ఇంద్రకీలాద్రి ఒకటి. కొండెక్కి చూడాల్సిందే.

ప్రశ్న: కారు తాళం 433.92 అంటారు, నా బోర్డులో 433.90 దగ్గర కనిపిస్తోంది. తాళం పాడైందా?
— బ్రాడీపేట, గుంటూరు

జవాబు: 20 కిలోహెర్ట్జ్ తేడా అంటే 433.92 మీద 46 పీపీఎం (పది లక్షల్లో 46 వంతులు). పాత ఆర్‌టీఎల్ డాంగిళ్లకి అది మామూలే. టీసీఎక్స్ఓ (వేడికి పెద్దగా కదలని క్రిస్టల్) ఉన్న డాంగిల్‌లో 1 పీపీఎం లోపు ఉంటుంది, అంటే ఇక్కడ 434 హెర్ట్జ్. బోర్డుని 20 నిమిషాలు నడిపి వేడెక్కనిచ్చి, 935–960 మెగాహెర్ట్జ్‌లో ఉండే 2జీ టవర్ క్యారియర్‌తో పోల్చి, తేడాని ప్రోగ్రాంలో పీపీఎం గడిలో రాయండి. తాళం కూడా చవక క్రిస్టల్‌తోనే నడుస్తుంది కనుక తేడా అంతా బోర్డుదే అనుకోనక్కర్లేదు.

ప్రశ్న: నోవా (అమెరికా వాతావరణ) ఉపగ్రహాల బొమ్మలు ఏడాదిగా రావట్లేదు. యాంటెన్నా మార్చాలా?
— సత్తెనపల్లి

జవాబు: యాంటెన్నా ఉంచండి. నోవా 15, 18, 19 మూడూ 2025లో పని ఆపేశాయి. అదే యాంటెన్నాతో రష్యా మీటియార్ ఎం2-3, ఎం2-4లని 137.9 లేదా 137.1 మీద పట్టండి. 53.4 సెంటీమీటర్ల కడ్డీలు రెండు, మధ్య 120 డిగ్రీలు, నేలకి అడ్డంగా. అవి డిజిటల్ కాబట్టి పాత ప్రోగ్రాం పనికిరాదు, ఎల్ఆర్‌పీటీ అనే ఆ డిజిటల్ సిగ్నల్ చదివేది కావాలి.

ప్రశ్న: దీనితో పక్కింటివాళ్ల సెల్‌ఫోన్ మాటలు వినొచ్చా?
— పేరు రాయలేదు

జవాబు: నేరం. పేరు ఎందుకు రాయలేదో మీకే తెలిసినట్టుంది.

ప్రశ్న: పగలు బాగానే ఉంటుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి వెళ్లగానే తెరంతా గీతలే. వేసవిలో బోర్డు చెయ్యి పెట్టలేనంత కాలుతోంది కూడా.
— పొన్నూరు

జవాబు: లాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి. గీతలు పోతే చార్జర్. పోకపోతే మెయిన్ స్విచ్ దించి ఇల్లంతా ఆపి చూడండి, ఇన్వర్టర్‌తో సహా. ఒక్కొక్కటే వెలిగిస్తూ పోతే ఏ ఎల్‌ఈడీ బల్బు, ఏ ఇన్వర్టర్ అరుస్తోందో తెలిసిపోతుంది. యూఎస్‌బీ తీగకి రెండు చివర్లా ఫెర్రైట్ క్లిప్పులు, తీగని దాని చుట్టూ మూడు నాలుగు చుట్లు. 2.4 గిగాహెర్ట్జ్‌లో పని చేసేవాళ్లకి యూఎస్‌బీ 3.0 పోర్టే నాయిస్ చిమ్ముతుంది, బోర్డుని మీటరు పొడవు మంచి తీగతో లాప్‌టాప్‌కి దూరం పెట్టండి.

వేడికి అలవాటు పడక తప్పదు, ఈ చిప్‌లు చలికాలంలోనూ కాలుతాయి. ప్లాస్టిక్ డబ్బాలో మాత్రం మూసిపెట్టకండి. అల్యూమినియం డబ్బా, చిప్‌కీ డబ్బాకీ మధ్య థర్మల్ ప్యాడ్, పక్కన 5 వోల్టుల చిన్న ఫ్యాన్. ఫ్యాన్ కరెంటు అదే యూఎస్‌బీ పోర్టు నుంచి తీసుకుంటే దాని మోటారు నాయిస్ మళ్లీ తెర మీదకి వస్తుంది. వేరే చార్జర్‌కి పెట్టండి, ఆ చార్జర్ అరవకుండా ఉంటే.